ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు వేసవి పుస్తకాలు ఎంచుకోవడం ఎలా?

ఏప్రిల్ చివరి వారంలో మూతపడిన బడులు మళ్లీ తెరుచుకునేది జూన్ రెండో వారంలోనే. అంటే దాదాపు ఏడు వారాలు. తెలంగాణలోని నల్లగొండలోనైనా పాలమూరులోనైనా (మహబూబ్‌నగర్) ఆ రోజుల్లో పొద్దున పదకొండు దాటితే పిల్లలను బయటికి పంపలేం. ఎండ తగ్గి మళ్లీ వీధిలో అడుగు పెట్టేసరికి సాయంత్రం ఐదవుతుంది. మధ్యలో ఉన్న ఆరు గంటల్లో పెద్ద భాగం ఇప్పుడు ఫోనుకు పోతోంది. ఫోను లాక్కున్నంత మాత్రాన పిల్లలు పుస్తకం పట్టరు. వాళ్లకు నచ్చే పుస్తకం ముందే ఇంట్లో ఉండాలి.

ఆరో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఉన్న వయసు చదువు అలవాటుకు చాలా కీలకమైనది. ఈ పిల్లలు బొమ్మల పుస్తకాలు చిన్నపిల్లలవని పక్కన పెడతారు. పెద్దల నవలలేమో ఇంకా అందవు. తెలుగులో చిన్నపిల్లలకు పుస్తకాలు బాగానే వస్తున్నాయి, పెద్దలకు కావలసినన్ని ఉన్నాయి, మధ్య వయసువారికే తక్కువ. అందుకే పట్టుబట్టి వెతకాలి. ఈ మార్గదర్శి అమ్మానాన్నల కోసం, ఉపాధ్యాయుల కోసం, సెలవుల్లో మనవళ్లూ మనవరాళ్లూ వచ్చే ఇళ్లలోని తాతల కోసం, నానమ్మల కోసం. ఇందులో చెప్పే పద్ధతికి ఆధారం ఒక్కటే. పుస్తకాల కుప్పను జాగ్రత్తగా ఎంచడం పెద్దల పని, అందులోంచి ఏది చదవాలో తేల్చుకోవడం పిల్లల హక్కు.

మొదటి మెట్టు: ఒక్క పేజీ చదివించి చూడండి

తరగతిని బట్టి పుస్తకం కొనకండి. ఏడో తరగతి గదిలో నాలుగు పేజీల కథను గుక్క తిప్పుకోకుండా చదివే అమ్మాయి ఉంటుంది, ఒత్తు అక్షరం కనబడగానే ఆగిపోయే అబ్బాయీ ఉంటాడు. ఇద్దరికీ పన్నెండేళ్లే. ఒకే పుస్తకం ఇస్తే ఒకరికి విసుగు, ఇంకొకరికి అవమానం.

పిల్లలు ఇదివరకు చూడని కథల పుస్తకం ఒకటి తీసుకోండి. మధ్యలో ఎక్కడో ఒక పేజీ తెరవండి. ఇంట్లో చుట్టాలు, తోబుట్టువులు లేని సమయం చూసి, పక్కన కూర్చుని పైకి చదవమనండి. తడబడిన ప్రతి మాటకూ మీ చేతి వేలు ఒకటి ముడుచుకుంటూ పోండి. ఆ చెయ్యి పిల్లలకు కనిపించకుండా చూసుకోండి. పేజీ పూర్తికాకముందే ఐదు వేళ్లూ ముడుచుకుంటే ఆ పుస్తకం ఇప్పటికి బరువైనది. రెండు మూడు వేళ్లు ముడిస్తే సరిగ్గా సరిపోతుంది. ఒక్కటీ ముడవకపోతే హాయిగా చదువుకునే పుస్తకం.

తెలుగు విషయంలో ఈ పరీక్షకు ఇంకొంచెం జోడించాలి. మన లిపిలో అక్షరం వచ్చినవారు అర్థం తెలియకపోయినా చదివేయగలరు. కింది రెండు వాక్యాలు చూడండి.

"అరణ్యమధ్యమున సంచరించు వ్యాఘ్రమును గాంచి బాటసారులు భయకంపితులైరి."

"అడవిలో తిరుగుతున్న పులిని చూసి దారిన పోయేవాళ్లు వణికిపోయారు."

రెండింట్లోనూ జరిగింది ఒకటే. చురుకైన పిల్లలు మొదటి వాక్యాన్ని కూడా గడగడా చదువుతారు. వేలు ముడవాల్సిన పనే పడదు. పుస్తకం మూసి "ఏం జరిగింది?" అని అడిగితే మాత్రం నీళ్లు నములుతారు. కాబట్టి పేజీ అయ్యాక ఆ ఒక్క ప్రశ్నా అడగండి. రెండు మూడు మాటల్లో చెప్పగలిగితే చాలు. చెప్పలేకపోతే లోపం పిల్లలది కాదు, ఆ పుస్తకం భాష వాళ్లది కాదు. తక్కువ ధరకు దొరుకుతాయని కొనే పాత కథల పుస్తకాలు చాలావాటిలో ఇంకా ఈ మొదటి రకం భాషే ఉంటుంది.

ఇంగ్లిషు మీడియం పిల్లల సంగతి వేరు. ఇంట్లో తెలుగు దంచి మాట్లాడతారు, నానమ్మ చెప్పే ఎంత చిక్కు కథనైనా విని అర్థం చేసుకుంటారు. చదవమంటే మాత్రం రెండో తరగతి పిల్లల్లా కూడబలుక్కుంటారు. వీళ్లకు చిన్నపిల్లల కథలు ఇస్తే బుద్ధికి చాలవు, పెద్ద కథలు ఇస్తే కళ్లకు అందవు. ఇలాంటివారికి మూడు దారులు ఉన్నాయి. ఒకటి, బొమ్మలతో నడిచే కథలు. వాటిలో మాటలు తక్కువగా ఉన్నా కథ చిన్నపిల్లలది కానక్కర్లేదు. రెండు, ఎదురెదురు పేజీల్లో తెలుగు, ఇంగ్లిషు ఉండే పుస్తకాలు. మన ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లిషు మీడియం పాఠ్యపుస్తకాలు ఇలాగే వస్తున్నాయి కనుక పిల్లలకు ఆ పద్ధతి అలవాటే. మూడోది అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. మంచి పుస్తకంలో మొదటి అధ్యాయం మీరే చదివి వినిపించి, ఉత్కంఠ ఉన్నచోట ఆపి, పుస్తకం వాళ్ల చేతికివ్వండి. కథ ఎటు పోతుందో తెలుసుకోవాలన్న తపన కూడబలుక్కునే కష్టాన్ని మరిపిస్తుంది.

రెండో మెట్టు: ఇష్టం కనుక్కోండి

"నీకు ఎలాంటి పుస్తకాలు ఇష్టం?" అని అడిగితే పెదవి విరుస్తారు. పుస్తకాలు పెద్దగా చదవనివారికి ఆ ప్రశ్నకు జవాబు ఎలా తెలుస్తుంది? అందుకని పుస్తకాల ఊసెత్తకుండా అడగండి. ఫోనులో ఎక్కువగా ఏ వీడియోలు చూస్తావు? పొలానికి వెళితే మొదట ఎటు పరుగెత్తుతావు? తాతను ఏ సంగతి మళ్లీ మళ్లీ చెప్పమంటావు? బోరు మోటారు విప్పుతుంటే పక్కన కదలకుండా కూర్చునే పిల్లవాడికి యంత్రాల పుస్తకం కావాలి. చెరువు దగ్గర పక్షుల వెంట పడే అమ్మాయికి పక్షుల పుస్తకం కావాలి. దయ్యాల కథలు చెప్పమని వేధించేవారికి బేతాళ కథలు సిద్ధంగా ఉన్నాయి. పిల్లల ఇష్టం చిల్లరగా ఉందని మొహం చిట్లించకండి. కబడ్డీ మీద పుస్తకమైనా, క్రికెట్ మీద పుస్తకమైనా పుస్తకమే.

మూడో మెట్టు: ఆరేడు పుస్తకాల కుప్ప తయారు చేయండి

ఒకే ఒక్క పుస్తకం కొని తెచ్చి "ఇది చదువు" అంటే అది హోంవర్కు అవుతుంది. ఏడు వారాలకు ఆరేడు పుస్తకాలు ముందు పెట్టండి. అన్నీ కొనాల్సిన పని లేదు, ఎక్కువ భాగం అరువు తేవచ్చు. ఆ కుప్పలో ఏమేం ఉండాలో నా లెక్క ఇది. పిల్లల స్థాయికన్నా తేలికైనవి రెండు ఉండాలి. ఒక్క మధ్యాహ్నంలో పూర్తిచేసి "అయిపోయింది" అని గర్వంగా చెప్పుకోవడానికి అవి అవసరం. సరిగ్గా వాళ్ల స్థాయికి తగినవి రెండో మూడో ఉండాలి. వాటిలో ఒకటి కథ కానిదైతే బాగుంటుంది. కాస్త పైస్థాయిది ఒకటి చాలు, అది ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి చదివేది. చివరగా వాళ్ల ఊరి గురించో, జిల్లా గురించో, తమలాంటి పిల్లల గురించో చెప్పే పుస్తకం ఒకటి. ఈ చివరి రకం దొరకడం కష్టం కనుక కింద దాని గురించి విడిగా రాశాను.

కుప్పలో పెట్టకూడనివి కూడా చెప్పాలి. పైతరగతి పాఠ్యపుస్తకం, జనరల్ నాలెడ్జి ప్రశ్నలు జవాబుల పుస్తకం, గురుకుల ప్రవేశ పరీక్ష గైడు. వీటి అవసరం వీటికి ఉంది, వేరే వేళ కూర్చుని చదివించండి. వేసవి పుస్తకాల లెక్కలోకి తెస్తే మొత్తం కుప్ప మీదే పిల్లలకు అనుమానం పుడుతుంది. బస్టాండు దుకాణాల్లో కనిపించే "విజయ రహస్యాలు" తరహా పుస్తకాలు కూడా ఈ వయసుకు పనికిరావని నా గట్టి అభిప్రాయం. పన్నెండేళ్ల వయసులో మనసును పెంచేది ఉపదేశం కాదు, ఇంకొక మనిషి కథ.

నాలుగో మెట్టు: పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని పరీక్షించండి

అట్ట బొమ్మ చూసి మోసపోవద్దు. దుకాణంలో ఐదు నిమిషాలు నిలబడి ఈ పరీక్షలన్నీ చేయవచ్చు.

ముందు అచ్చు చూడండి. తెలుగు లిపిలో ఒత్తులు అక్షరం కిందికి వస్తాయి. వరుసల మధ్య ఖాళీ చాలకపోతే పై వరుస ఒత్తు కింది వరుస గుడి మీద పడుతుంది, పిల్లల చూపు అక్కడే చిక్కుకుంటుంది. ఒక పేజీ తెరిచి మోచేయి దూరంలో పెట్టి చూడండి. "క్ష్మ", "ష్ట్ర", "త్త్వ" లాంటివి మీకే స్పష్టంగా కనిపించకపోతే ఆ ముద్రణ పిల్లలకు వద్దు. తరవాత కుట్టు చూడండి. పుస్తకాన్ని మధ్యలో బాగా వెడల్పుగా తెరిస్తే వెన్ను దగ్గర పేజీలు ఊడేలా అనిపిస్తోందా? నాసిరకం జిగురుతో అతికించిన పుస్తకం నలుగురు పిల్లల చేతులు మారేలోగా విడిపోతుంది. పిన్నులు కొట్టిన పలుచటి పుస్తకం దానికన్నా నయం.

అనువాదమైతే సంభాషణ ఉన్న పేజీ ఒకటి చదవండి. అందులో పిల్లలు మన పిల్లల్లా మాట్లాడుతున్నారా, లేక ఏ భాషా కాని భాషలో మాట్లాడుతున్నారా? చదువుతుంటే మీ నాలుకే తడబడితే అది అక్షరానికి అక్షరం దించిన అనువాదం. ఎంత గొప్ప రచన అయినా పక్కన పెట్టేయండి. మంచి అనువాదం ఎలా ఉంటుందో చూడాలంటే "రైలుబడి" తెరవండి. జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి తన బాల్యం గురించి 1981లో రాసిన పుస్తకానికి తెలుగు రూపం అది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో తోక్యోలో పాత రైలుపెట్టెలే తరగతి గదులుగా నడిచిన బడి కథ. ఆరో తరగతి పిల్లలకు కూడా అందుతుంది. అధ్యాయాలు చిన్నవి. చదివిన పిల్లలు తమ బడి గురించి మాట్లాడటం మొదలుపెడతారు, అది ఉపాధ్యాయులకు కూడా ఉపయోగమే.

ఆ తరవాత కథ ముగింపు చదవండి. ప్రతి కథ చివరా నల్లటి అక్షరాల్లో "నీతి" అని అచ్చు వేసిన పుస్తకాలు ఈ వయసు పిల్లలకు పనికిరావు. కథ చెప్పాల్సింది చెప్పేశాక మళ్లీ విడమరిచి చెబితే, తమకు అర్థం కాదనుకున్నారని పిల్లలు చిన్నబుచ్చుకుంటారు.

చివరగా, కథలో ఎవరిని చూసి నవ్వమంటున్నారో గమనించండి. చూపులేనివారిని, నత్తి ఉన్నవారిని, నల్లటివారిని, ఫలానా వృత్తి చేసేవారిని ఎగతాళి చేసి నవ్వించే కథలు మన పాత పుస్తకాల్లో ఇంకా చాలా కనిపిస్తాయి. తరగతిలో ఆ వృత్తి చేసే ఇంటి పిల్లలు ఉంటారు. పుస్తకం మొత్తం మంచిదై ఒకటి రెండు చోట్ల ఇలా ఉంటే, ఆ చోటు మీరు కలిసి చదివి మాట్లాడండి. మొత్తం ఆ ధోరణే అయితే కొనవద్దు. ఆడపిల్లలు ఏం పనులు చేస్తున్నారో కూడా చూడండి. పది కథల్లో ఒక్క దాంట్లోనైనా అమ్మాయి తన తెలివితో ఏదో సాధించాలి కదా.

చావు, పేదరికం, అమ్మానాన్నల తగాదా ఉన్న కథలు ఇవ్వవచ్చా అని చాలామంది అడుగుతారు. ఇవ్వవచ్చు. వలస వెళ్లే కుటుంబాల పిల్లలకు అవి కొత్త సంగతులు కావు. తమకు జరిగింది ఇంకెవరికో కూడా జరిగిందని చదివి తెలుసుకోవడం వాళ్లకు ఊరట. హింసను వర్ణించి వర్ణించి చెప్పేవి మాత్రం వద్దు.

ఐదో మెట్టు: రకాలు తెలుసుకుని వెతకండి

మొదటి వరుసలో జానపద కథలు, బేతాళ కథలు, తెనాలి రామకృష్ణుడి కథలు, పరమానందయ్య శిష్యుల కథలు. వీటికి పరిచయం అక్కర్లేదు. 1947 జులైలో మద్రాసులో మొదలైన "చందమామ" ఇప్పుడు రావడం లేదు గానీ పాత సంచికలు ఇళ్లలో, పాత పుస్తకాల దుకాణాల్లో ఇంకా దొరుకుతాయి. పేజీకి ఒక బొమ్మ, తేలిక వాక్యం, రెండు మూడు పేజీల్లో ముగిసే కథ. చదవడంలో వెనకబడిన ఏడో తరగతి పిల్లలకు ఇంతకన్నా మంచి మొదలు నాకు తెలియదు.

విజ్ఞాన పుస్తకాల విషయంలో, ఊరికే వాస్తవాలు పేర్చిన పుస్తకం కన్నా "చేసి చూడు" అనే పుస్తకం ఎంచండి. జనవిజ్ఞాన వేదిక వారి "చెకుముకి" పత్రిక హైస్కూలు పిల్లలకు బాగా సరిపోతుంది. పాత సంచికలైనా పాడైపోయే సరుకు కాదు. ప్రయోగానికి కావలసినవి ఇంట్లో దొరికేవేనా అని ఒకసారి చూసుకోండి.

బొమ్మల కథలంటే పెద్దలకు చులకన. ఆ చులకన వదిలేయండి. చదవడం కష్టంగా ఉన్న పిల్లలకు బొమ్మ ఊతమిస్తుంది. పద్యాలు, పాటలు కూడా మరచిపోకండి. వేమన పద్యాలు, పొడుపు కథల పుస్తకం ఒకటి ఇంట్లో ఉంటే నానమ్మలు కూడా ఆటలో చేరతారు.

తోటి పిల్లలు రాసిన కథలు ఇంకొక గొప్ప వనరు. పిల్లల పత్రిక "బాలచెలిమి" వారు తెలంగాణలో జిల్లాలవారీగా బడిపిల్లల కథల సంకలనాలు తెచ్చారు. అనంతపురం జిల్లా నుంచి 2008లో మొదలైన "కొత్తపల్లి" పత్రికలోనూ పిల్లలు రాసిన కథలు ఉంటాయి, ఇంటర్నెట్లో ఉచితంగా చదువుకోవచ్చు. పక్క మండలం పిల్లవాడు రాసిన కథ అచ్చులో చూశాక మన పిల్లలు పలక కాదు, కాగితం అడుగుతారు.

ఏది మంచిదో బొత్తిగా తెలియనప్పుడు ఒక చిట్కా. కేంద్ర సాహిత్య అకాడమీ 2010 నుంచి ఏటా బాలసాహిత్య పురస్కారాలు ఇస్తోంది, తెలుగుకు కూడా. ఆ జాబితాలోని రచయితల పేర్లు రాసుకుని లైబ్రరీకి వెళ్లండి. పురస్కారం వచ్చిందని కళ్లు మూసుకుని కొనకుండా, పైన చెప్పిన పరీక్షలన్నీ దానికీ పెట్టండి.

ఆరో మెట్టు: మన నేల గురించిన పుస్తకం ఒకటి

ఈ మెట్టు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. దక్షిణ తెలంగాణ పిల్లలు చదివే కథల్లో సముద్రం ఉంటుంది, మంచు ఉంటుంది, రాజుల కోటలు ఉంటాయి. తమ ఊరి గుట్ట, బావి, బత్తాయి తోట, పల్లీ చేను కనిపించవు. తమ చుట్టూ ఉన్నవి పుస్తకానికి ఎక్కదగ్గవి కావేమో అన్న భావం తెలియకుండానే పాతుకుపోతుంది. నిజానికి ఇక్కడ ఉన్నన్ని కథలు ఎక్కడున్నాయి?

నేరుగా పిల్లల కోసం రాసిన స్థానిక పుస్తకాలు తక్కువ. కాబట్టి చోటును ఎంచుకుని, దానికి దగ్గరి విషయం మీద పుస్తకం జతచేయండి. నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. అక్కడి గర్భగుడిలో పడే నీడ పగలంతా కదలకుండా నిలిచి ఉంటుంది. సూర్యుడు కదులుతుంటే నీడ ఎందుకు కదలదు? ఆ ప్రశ్నతో పిల్లలను గుడికి తీసుకెళ్లి, వచ్చాక వెలుతురు గురించి, నీడల గురించి చెప్పే విజ్ఞాన పుస్తకం చేతికివ్వండి. బడిలో రుచించని పాఠం ఇంట్లో రుచిస్తుంది. కొవ్వొత్తి, రెండు మూడు పెన్సిళ్లు పెట్టి నీడలు పడేసి చూడటం మొదలుపెడతారు.

మునుగోడు, మర్రిగూడ వైపు పిల్లలకు నీటి పుస్తకం ఇవ్వండి. ఫ్లోరైడు నీళ్లు తాగి నడుములు వంగినవారిని, పళ్లు గారపట్టినవారిని వాళ్లు కళ్లారా చూశారు. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే విధానాన్ని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించింది. దాని పేరే "నల్లగొండ టెక్నిక్". దేశవిదేశాల శాస్త్ర గ్రంథాల్లో తమ జిల్లా పేరు ఉందని తెలిసిన ఎనిమిదో తరగతి విద్యార్థికి రసాయన శాస్త్రం పరాయిది కాదు.

నాగార్జునసాగర్ దగ్గరివాళ్లకైతే రెండు పుస్తకాలకు సరిపడా కథ ఉంది. 1955 డిసెంబరు 10న ఆనకట్టకు పునాది పడింది. జలాశయంలో మునిగిపోయే లోయలో అంతకు ముందు నుంచే తవ్వకాలు సాగాయి. బయటపడిన బౌద్ధ కట్టడాల్లో కొన్నింటిని కొండ మీదికి తరలించారు. ఇప్పుడు నీళ్ల మధ్య దీవిలా కనిపించే నాగార్జునకొండ అదే. పురాతత్వం మీద పిల్లల పుస్తకం ఏది దొరికినా ఇక్కడ అతుకుతుంది. సూర్యాపేట వైపువారికి ఫణిగిరి ఉంది, అదీ పాత బౌద్ధ స్థలమే.

పాలమూరులో పిల్లలమర్రి ఉంది. ఒకే మర్రి ఊడలు దించుకుంటూ ఎకరాల కొద్దీ ఎలా పరుచుకుంటుందో చూపించి చెట్ల పుస్తకం ఇవ్వండి. అమ్రాబాద్, మన్ననూరు వైపు నల్లమల అంచున ఉన్న పిల్లలకు పులుల పుస్తకం, అడవి పుస్తకం. చెంచుల పిల్లలకు అడవి సంగతులు పుస్తకం రాసినవారికన్నా ఎక్కువే తెలిసి ఉంటాయి. పుస్తకంలో తప్పులుంటే పట్టుకోమనండి, ఆ పని వాళ్లను చివరి పేజీ దాకా తీసుకెళుతుంది. చాళుక్యుల కాలపు గుళ్లున్న అలంపురం వెళ్లివచ్చినవారికి చాళుక్యుల చరిత్ర. గద్వాల, నారాయణపేట, పోచంపల్లి ఇళ్లలో మగ్గం ఉంటుంది, అక్కడి పిల్లలకు నేత గురించిన పుస్తకం. పోచంపల్లిలో 1951 ఏప్రిల్ 18న భూమిలేనివారికి భూమి ఇప్పించే భూదాన ఉద్యమం మొదలైన సంగతితో, దాన్ని నడిపిన వినోబా భావే జీవితం చదివించవచ్చు.

జీవిత చరిత్రల్లో సురవరం ప్రతాపరెడ్డిది వెతకండి. 1896లో పాలమూరు ప్రాంతంలో పుట్టి, 1926లో "గోలకొండ" పత్రిక పెట్టారు. తెలంగాణలో తెలుగు కవులే లేరని ఎవరో అంటే 354 మంది కవుల రచనలు సేకరించి 1934లో సంచిక అచ్చువేసి చూపారు. ఎనిమిదో తరగతి పిల్లలకు ఈ ఒక్క సంఘటన చెప్పి చూడండి, మిగతాది వాళ్లే అడుగుతారు.

స్థానిక మాట ఉన్న పుస్తకం దొరికితే వదలకండి. ఇంట్లో వినే మాట అచ్చులో కనబడితే పిల్లల ముఖం వెలుగుతుంది.

ఏడో మెట్టు: ఎక్కడ దొరుకుతాయి?

జిల్లా కేంద్ర గ్రంథాలయం నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ ఉంది. చాలా మండలాల్లో శాఖా గ్రంథాలయాలు ఉన్నాయి. మీరు కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా పోతుంది కాబట్టి అది మీ లైబ్రరీ, మొహమాటం అక్కర్లేదు. చిరునామా ఆధారం, కొద్దిపాటి డిపాజిట్టుతో సభ్యత్వం ఇస్తారు, మానుకున్నప్పుడు డిపాజిట్టు తిరిగి తీసుకోవచ్చు. సాధారణంగా శుక్రవారం సెలవు. పొద్దున, సాయంత్రం రెండు పూటలుగా తెరిచేవి ఎక్కువ కనుక సమయం కనుక్కుని వెళ్లండి. పిల్లలనే వెంట తీసుకెళ్లి బీరువా ముందు నిలబెట్టండి. పోటీ పరీక్షలవాళ్లతో హాలు నిండి ఉంటే నేరుగా గ్రంథపాలకుల దగ్గరికి వెళ్లి పిల్లల విభాగం చూపించమని అడగండి.

బడి లైబ్రరీ రెండోది. చాలా ఉన్నత పాఠశాలల్లో మంచి పుస్తకాలు బీరువాల్లో తాళం వేసి ఉన్నాయి. పోతే ఎవరు బాధ్యులన్న భయమే ఆ తాళానికి కారణం. ప్రధానోపాధ్యాయులు తల్లిదండ్రుల సమావేశంలో "పది పుస్తకాలు పోయినా ఫర్వాలేదు" అని తీర్మానం రాయించుకుంటే ఆ భయం తీరుతుంది.

కొనాలంటే నేషనల్ బుక్ ట్రస్టు వారి నెహ్రూ బాల పుస్తకాలయం వరుస చవకైనది, పలుచనిది, బొమ్మలు బాగుంటాయి. తార్నాకలోని మంచి పుస్తకం, హైదరాబాద్ బుక్ ట్రస్టు, నవచేతన, నవతెలంగాణ ప్రచురణలు చూడండి. పనిమీద హైదరాబాద్ వెళ్లేవారు ఆదివారమైతే ఆబిడ్స్ కాలిబాటల మీది పాత పుస్తకాలు చూసి రండి. డిసెంబరు ప్రాంతంలో జరిగే హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో తగ్గింపు ధరకు కొని వేసవికి దాచుకునే ఇళ్లు కూడా ఉన్నాయి, మంచి అలవాటు.

ఫోనులో చదవక తప్పనప్పుడు ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటు ఉచితం. తెలుగు కథలు నాలుగు స్థాయిలుగా ఉంటాయి. మన పిల్లలకు మూడు, నాలుగు స్థాయిలు తగినవి. కేంద్ర ప్రభుత్వ డిజిటల్ లైబ్రరీ అయిన రాష్ట్రీయ ఈ-పుస్తకాలయలో పదకొండు నుంచి పద్నాలుగేళ్లవారికి విడి విభాగం ఉంది. నచ్చిన కథలను దించుకుని అచ్చు తీయించి, దారంతో కుట్టి ఇస్తే ఫోను మళ్లీ చేతికివ్వాల్సిన పని ఉండదు.

ఎనిమిదో మెట్టు: ఇల్లు సిద్ధం చేయండి

చదివే వేళ ఎండవేళే. భోజనమయ్యాక, ఇల్లంతా నడుం వాల్చినప్పుడు, కూలరు ముందో వేపచెట్టు కిందో ముప్పావుగంట. గంటలు కొలిచి కూర్చోబెట్టకండి. నచ్చని పుస్తకం మధ్యలో వదిలేసే స్వేచ్ఛ ఇవ్వండి, ఇరవై పేజీలు చదివి చూసి వదలమనండి. సారాంశం రాయమని, ప్రశ్నలకు జవాబులు చెప్పమని వేధించకండి. చుట్టాల ముందు నిలబెట్టి చదివించకండి.

ఈ వయసు ఆడపిల్లల మీద సెలవుల్లో ఇంటిపని ఎక్కువ పడుతుంది. అమ్మ ఉపాధి పనికి వెళితే వంట, గిన్నెలు, తమ్ముడి కాపలా అన్నీ ఆమెవే. అన్నకు దొరికే ముప్పావుగంట చెల్లికీ దొరికేలా ఇంట్లో పెద్దవాళ్లే చూడాలి. గిన్నెలు అన్న కూడా తోమగలడు.

వలస కుటుంబాల పిల్లలు అమ్మానాన్నలతో హైదరాబాద్‌లోని కట్టడాల దగ్గరికి వెళ్లిపోతారు. వాళ్లకు సంచిలో ఇమిడే పలుచని పుస్తకాలు మూడు నాలుగు, తిరిగి ఇవ్వాలన్న షరతు లేకుండా ఇవ్వండి. గురుకులాల నుంచి ఇంటికి వచ్చే పిల్లలకు చదివి వినిపించే పని అప్పగించండి. చదువు రాని తాతకు, అవ్వకు రోజుకో కథ. వినేవాళ్లుంటే చదువు దానంతటదే సాఫీ అవుతుంది.

ఉపాధ్యాయులకు ఒక మాట

సెలవులు ఇచ్చే రోజు హడావుడిలో పుస్తకాలు పంచకండి. ఏప్రిల్ మధ్యలోనే ఒక మధ్యాహ్నం బెంచీల మీద పుస్తకాలన్నీ పరిచి, పిల్లలు తిరిగి చూసి, తెరిచి, రెండు పేజీలు చదివి ఎంచుకోనివ్వండి. ఒక్కొక్కరికి రెండు చొప్పున ఇచ్చి, ఒకే వాడకట్టు పిల్లలను జట్టుగా కలపండి. ఐదుగురి జట్టులో పది పుస్తకాలు తిరుగుతాయి. జట్టులో ఒకరి దగ్గర నోటుబుక్కు ఉంచి, ఎవరి దగ్గర ఏది ఉందో రాయమనండి. ఊళ్లో గ్రామపంచాయతీ గదో, అంగన్‌వాడీయో, ఓపికున్న ఒక ఇంటి వరండానో దొరికితే ఒక పెట్టె అక్కడ పెట్టించండి.

జూన్‌లో బడి తెరిచాక మొదటి వారం పుస్తకాలు లెక్కపెట్టే ముందు ఏ పుస్తకం అందరికన్నా ఎక్కువ చేతులు మారిందో, ఏది ఎవరూ తెరవలేదో నోటుబుక్కులో చూడండి. చిరిగినవాటికి అట్ట వేయించండి, తెరవనివాటిని పక్కకు తీయండి. వచ్చే ఏడాది గ్రాంటు వచ్చినప్పుడు ఏం కొనాలో ఆ నోటుబుక్కు చూసి రాసుకోండి.